అమ్మణ్ణి కాలితడి

పొద్దున్నే మెలకువ రాగానే అమ్మణ్ణి మంచం దిగేది కాదు. ముందు మంచం పట్టీ మీద వేలాడేసిన పాతగుడ్డ అందుకుని కింద పరిచి, దాని మీద కాళ్లు ఆనించి, అప్పుడు లేచేది. పెరటి గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగి, వచ్చిన దారంతా వంగి తుడుచుకుంటూ వచ్చేది. ఆవిడ ఎక్కడ అడుగుపెడితే అక్కడ నీళ్లు ఊరేవి. ఎక్కువేం కాదు, అడుగుకి ఓ దోసెడు. తేటగా, చల్లగా ఉండేవి. చిన్నప్పుడు ముక్కామలలో ఆవిడ వీధిలోకి వస్తే పిచ్చికలు వెనకాలే వాలి ఆ నీళ్లు తాగేవి.

పెళ్లయి కాపురానికి వెళ్లిన మొదటి వానాకాలంలో అత్తవారింటి మట్టిగోడ ఒకపక్క కూలింది. అత్తగారు మంచి మనిషి. కోడల్ని ఒక్క మాట అనలేదు. కొత్తచీర పెట్టి, తల నిమిరి, "ఇల్లు నిలబడాలి కదమ్మా" అని దగ్గరుండి బండి ఎక్కించింది. భర్త కొన్నాళ్లు వచ్చిపోతూ ఉండేవాడు. తర్వాత రావడం మానేశాడు.

అమ్మా నాన్నా పోయాక అమ్మణ్ణి తోబుట్టువుల ఇళ్లలో వంతులవారీగా ఉండేది. అమలాపురంలో పెద్దన్నయ్య, కాకినాడలో చెల్లెలు, పెనుగొండలో పినతండ్రి కొడుకు వేంకటరమణ, ధవళేశ్వరంలో తమ్ముడు మణిశంకర్. ఒక ఇంటి గోడలు నెమ్ము పట్టి సున్నం పెచ్చులు రాలడం మొదలవగానే పెట్టె సర్దుకుని ఇంకో ఇంటికి వెళ్లేది. ఆ గోడలు ఆరి, మళ్లీ వెల్ల వేయించుకునేసరికి తిరిగి ఆ ఇంటి వంతు వచ్చేది. ఎవరూ ఆవిడని విసుక్కోలేదు. "నెమ్ము మొదలైందక్కా" అంటే చాలు, ఆవిడకి అర్థమయ్యేది. బస్సుల్లో కండక్టర్లు కూడా మర్యాదగానే, "గుమ్మం పక్క సీట్లో కూర్చోండి పిన్నిగారూ, నీళ్లు మెట్ల మీంచి పోతాయి" అనేవారు.

అలా ఆ ఏడు దీపావళి వెళ్లాక ధవళేశ్వరం వచ్చింది. మణిశంకర్ అక్కడ హైస్కూల్లో లెక్కల మాస్టారు. సుబ్బాయమ్మగారనే ఆవిడ ఇంట్లో వెనకవాటాలో అద్దెకి ఉండేవాడు. అతని భార్య హైమ చేతులు ఊరుకోని మనిషి. అమ్మణ్ణి వచ్చేనాటికే హైమ ఒక పని నెత్తికెత్తుకుని ఉంది.

ఆ వీధి చివర ఒక ఖాళీస్థలం ఉండేది. అన్నదమ్ముల తగాదాలో పడి కోర్టులో నలుగుతున్న స్థలం. సర్కారుతుమ్మ ఏపుగా పెరిగి, రెండు వీధుల చెత్తా అక్కడే చేరి, పగలు పందులూ రాత్రి దోమలూ. దానికి ఇవతల ఉద్యోగస్థుల ఇళ్లు, అవతల గోదావరి గట్టు కింద చేపలు పట్టేవాళ్ల ఇళ్లు. అవి జన్మభూమి రోజులు. అధికారులు ఊళ్లో మీటింగు పెట్టి, అందరూ శ్రమదానం చేయాలని చెప్పి, ఫోటో తీయించుకుని వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్న హైమ కొంగు బిగించి గునపం పట్టుకుని ఆ స్థలంలోకి వెళ్లింది. అవతల వైపు నుంచి తలుపులమ్మ కత్తి పట్టుకుని వచ్చింది. ఆవిడ బుట్టలో చేపలు పెట్టుకుని వీధులంట అమ్ముకునే మనిషి. ఆవిడ మొగుడు బుల్లియ్య గోదారి మీద వేటకి పోతాడు.

"ఏటమ్మగోరూ, ఒక్కరే వచ్చారా?" అంది తలుపులమ్మ.

"ఇద్దరమయ్యాం కదా" అంది హైమ.

వారం తిరిగేసరికి ఇరవైమంది దాకా అయ్యారు. తుమ్మలు కొట్టి, చెత్త తగలబెట్టి, మట్టి తిరగేశారు. తగాదాలో ఉన్న అన్నదమ్ముల్లో పెద్దాయన విని వచ్చాడు. అంతా చూసి, "తీర్పు వచ్చేదాకా పండించుకోండి, నాకూ ఓ ఆనపకాయ పంపండి" అని వెళ్లిపోయాడు. ఇంటికో మడి పంచుకున్నారు. అవతల వీధివాళ్లు పాత వలల ముక్కలు తెచ్చి పందిళ్లు అల్లారు. సుబ్బాయమ్మగారు గుడ్డలో మూటకట్టి దాచుకున్న వంగవిత్తనాలు బయటికి తీసింది. గోంగూర, తోటకూర, బచ్చలి, మిరప, దొండ, అన్నీ వేశారు.

అమ్మణ్ణికి ఆ తోట చూడగానే ప్రాణం లేచొచ్చినట్లయింది. తుడవక్కర్లేని నేల అది. మొదటిరోజే తలుపులమ్మ మిరపమడి దగ్గర నిలబడి చాలాసేపు కబుర్లు చెప్పింది. మర్నాడు వెళ్లి చూస్తే అక్కడ మిరపనారు నీళ్లలో తేలుతోంది. రెండురోజుల్లో కుళ్లిపోయింది. తలుపులమ్మ ఏమీ అనకుండా మళ్లీ నారు పోసుకుంది. అనకపోవడమే అమ్మణ్ణిని కోసేసింది. అప్పట్నుంచి తోటలోకి అడుగుపెట్టలేదు. తోట గట్టు మీద రాయి ఒకటి చూసుకుని, కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని, విత్తనాలు ఒలిచి ఇస్తూ, మేకల్ని అదిలిస్తూ ఉండేది.

మాఘం, ఫాల్గుణం బాగానే గడిచాయి. రెండు వీధుల్లోనూ కూరలు కొనుక్కోవడం తగ్గింది. ఒకళ్లింటి దొండకాయలు ఇంకొకళ్లింట్లో వేగేవి. తర్వాత ఎండలు వచ్చాయి. బాగుచేతలకని కాలువలకి నీళ్లు కట్టేశారు. తోట పక్క బోదెలో నీళ్లు ఇంకి, అడుగున బురద బీటలు వారింది. వీధిలో బోరింగు పంపు రెండు బిందెలకే గుక్కపట్టి దగ్గేది. గోదారి రేవు నుంచి బుల్లియ్య కావిడితో మోసేవాడు గానీ అంత తోటకి ఒక కావిడి ఏ మూలకి? హైమ బియ్యం కడిగిన నీళ్లు కూడా గిన్నెలో పట్టి తీసుకెళ్లి వంగమొక్కల మొదట్లో పోసేది. ఆకులు ముడుచుకుపోయాయి. ఇవతలవాళ్లు నలుగురు "ఇంక వదిలేద్దాం, వానలొచ్చాక చూద్దాం" అన్నారు. వదిలేస్తే మళ్లీ చెత్త చేరుతుందని అందరికీ తెలుసు.

ఒక సాయంత్రం తలుపులమ్మ ఖాళీబుట్ట చంకన పెట్టుకుని వెనకవాటా గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మణ్ణిగోరూ, ఓపాలి తోటలోకి రండి."

"నేనా? వద్దు తలుపులమ్మా. నీ మిరపనారు పాపం నాకింకా కళ్లముందే ఉంది."

"అప్పుడు నిలబడ్డారండి. నిలబడకండి. నడుస్తా మాటాడుకుందాం."

అమ్మణ్ణి లేచి వెళ్లింది. మడికీ మడికీ మధ్య, మొక్కల మొదళ్ల వెంబడి ఇద్దరూ మెల్లగా నడిచారు. అమ్మణ్ణి అడుగు తీయగానే అక్కడ దోసెడు నీళ్లు ఊరి, చూస్తుండగానే నేల తాగేసేది. ఒక సాలు అయ్యాక ఇంకో సాలు. చీకటి పడేవేళకి తోటంతా తడిసింది. ఇవతలవాళ్లు గట్టు మీద నిలబడి చూసి, "రేపు మా మడివైపు కూడా ఓసారి రండి పిన్నిగారూ" అన్నారు.

ఆ రోజు నుంచి పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇద్దరూ తోటలో నడిచారు. నడుస్తూ తలుపులమ్మ కూతురి పురుళ్ల గురించీ, పులస సీజను గురించీ, వేటకెళ్లి మూడురోజులు రాని బుల్లియ్య కోసం గట్టు మీద కూర్చున్న సంగతీ చెప్పేది. అమ్మణ్ణి అత్తగారి గురించి చెప్పింది. బండి ఎక్కించేటప్పుడు ఆవిడ కూడా ఏడ్చిందని, ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని చెప్పింది. ఒకసారి తలుపులమ్మ అడిగింది:

"మీకేం కూరంటే ఇష్టమండి?"

అమ్మణ్ణి ఆలోచించింది. ఆ సాలు చివరిదాకా నడిచినా జవాబు దొరకలేదు. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో వండింది తినడమే తప్ప ఎన్నడూ ఎవరూ అడగలేదు, తనూ అనుకోలేదు. మర్నాడు పొద్దున్న తోటలోకి వస్తూనే, "బీరకాయ. పాలుపోసి వండితే" అంది, రాత్రంతా అదే ఆలోచించినట్టు. తలుపులమ్మ తన మడి చివర కాస్త జాగా చేసి రెండు బీరగింజలు పెట్టింది. "ఇది మీదండి" అంది.

వైశాఖం వచ్చింది. వెనకవాటా గోడలకి నెమ్ము నడుం ఎత్తు దాకా ఎక్కింది. సుబ్బాయమ్మగారు చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. ఎండాకాలం కదా, కొంత ఆరుతూ ఉంటుందనుకుంది. కానీ వానలు మొదలైతే ఆ గోడలు నిలవవని మణిశంకర్‌కి తెలుసు. ఎస్టీడీ బూత్‌కి వెళ్లి అందరికీ ఫోన్లు చేశాడు. అమలాపురంలో పెద్దన్నయ్య ఇంట్లో గచ్చు పగలగొట్టి కొత్త బండలు పరుస్తున్నారు, దసరా దాకా కుదరదు. కాకినాడలో చెల్లెలు మేడ మీద ఫ్లాటుకి మారింది, పోయినసారి కింది ఫ్లాటువాళ్ల పడగ్గదిలోకి కారిందని గొడవైంది. వేంకటరమణ మాత్రం ఒక దారి చెప్పాడు. పెనుగొండలో యాత్రికులు దిగే ఒక సత్రంలో రాతివసారా ఉంది, రాయికి తడి ఏం చేస్తుంది, భోజనం కూడా అక్కడే, అమ్మవారి గుడి పక్కనే.

మణిశంకర్ ఇంటికొచ్చి అక్క ఎదురుగా కూర్చుని, ఆవిడ మొహం చూడలేక, నేల మీద తడిని చూస్తూ చెప్పాడు. "కాలువలు వదిలాక వెళ్దువుగాని అక్కా. తొందరేం లేదు."

"అలాగే" అంది అమ్మణ్ణి. ఆవిడ ఎప్పుడూ అనే మాట అదే.

హైమ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

జూన్‌లో కాలువలు వదిలారు. బోదెలోకి ఎర్రనీళ్లు నురగలు కక్కుతూ వచ్చాయి. వెనకే వాన పడింది. రెండురోజుల్లో తోట రంగు మారిపోయింది. మొక్కలు తలలెత్తాయి. ఇప్పుడు అమ్మణ్ణి సాలులో నడిస్తే బురద తప్ప ఏం లేదు. మళ్లీ గట్టు మీద రాయి మీదికి చేరింది. తలుపులమ్మ కలుపు తీస్తుంటే అక్కణ్ణుంచే చెప్పింది.

"కాలువలొచ్చేశాయి కదా. ఇంక నాతో అవసరం లేదు. ఆదివారం వెళ్తున్నాను."

తలుపులమ్మ తలెత్తింది. "అవసరం ఏటండి?"

"అదే, నీళ్లకి."

తలుపులమ్మ లేచి నిలబడింది. చేతిలోని కలుపు గట్టు మీదికి విసిరి, "ఆ సత్రంలో మీతో మాటాడేదెవరండి?" అంది.

"అమ్మవారుంది కదా."

తలుపులమ్మ బురదచేతులు బోదెలో కడుక్కుని, వెనక్కి చూడకుండా ఇంటికి వెళ్లిపోయింది. తన మాటలో ఏం తప్పు దొర్లిందోనని అమ్మణ్ణి మథనపడింది. ఆ సాయంత్రం తలుపులమ్మ తోటకి రాలేదు. మర్నాడూ రాలేదు.

శనివారం పొద్దున్న అమ్మణ్ణి పెట్టె సర్దుకుంటూ ఉంటే గోదారి గట్టు వైపు నుంచి కేకలు వినపడ్డాయి. పదిమంది ఒక్క గొంతుతో వేసే కేకలు. వీధిలోవాళ్లంతా బయటికి వచ్చారు. అమ్మణ్ణీ వెళ్లింది. గట్టు మీంచి ఒక నావ దిగుతోంది. పెద్ద చెక్కనావ. కింద తాటిదుంగలు వేసి దొర్లిస్తూ, మోకులు కట్టి లాగుతూ, అవతల వీధి మగవాళ్లందరూ దాన్ని తోట మూలకి తెస్తున్నారు. ముందు బుల్లియ్య తలపాగా చుట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ దారి చెబుతున్నాడు. ఇవతల వీధివాళ్లు కొందరు లుంగీలు ఎగ్గట్టి వెళ్లి మోకు పట్టారు. వాళ్లలో సుబ్బాయమ్మగారి అల్లుడు కూడా ఉన్నాడు.

నావ తోట మూల మెరక మీద కుదురుకున్నాక బుల్లియ్య చెమట తుడుచుకుని అమ్మణ్ణి దగ్గరికి వచ్చాడు.

"మా నాన్న ఇసుక మోసిన నావండి. గోదారికి పనికిరాదు గానీ చెక్క గట్టిది. కొత్తగా తారు పూసేను. లోపల అడుక్కి కాస్త పైన పలకలు పరిచేం. మీ నీళ్లు పలకల సందుల్లోంచి అడుక్కి దిగిపోతాయి. పక్కా పొయ్యీ పొడిగానే ఉంటాయి. అడుగున నీళ్లు చేరాక డబ్బాతో తోడి బయట పోసుకోడమేనండి."

అమ్మణ్ణికి వెంటనే అర్థం కాలేదు. "ఎవరికి?" అంది.

"మీకేనండి" అంది తలుపులమ్మ, వెనకనుంచి వస్తూ. ఆవిడ చేతులనిండా తారు. "నేను పుట్టింది ఇలాంటి నావలోనే. మా అమ్మ నలుగుర్ని కని పెంచింది అందులో. తడంటే మాకేం కొత్తండి? నీళ్లొస్తాయి. తోడేస్తాం. మళ్లీ వస్తాయి. ఇల్లంటే అంతే గదండి."

బుల్లియ్య కొంచెం మొహమాటంగా, "నీచు వాసనేం రాదండి. దీంట్లో ఎప్పుడూ చేప వేయలేదు" అన్నాడు.

మణిశంకర్ అక్కని పక్కకి తీసుకెళ్లాడు. మొహం ఎర్రబడింది. "అక్కా, వాళ్ల మంచితనం కాదనను. కానీ నలుగురూ ఏమంటారు? తమ్ముడు ఇంట్లో ఉంచుకోలేక పడవలో పెట్టాడనరూ?"

"సత్రంలో పెడితే ఏమంటారు శంకరం?"

అతను తల దించుకున్నాడు. అమ్మణ్ణి గాభరాపడి అతని భుజం మీద చెయ్యి వేసింది. "నిన్ను అనడం లేదురా. నువ్వు నా కోసం ఎంత తిరిగావో నాకు తెలీదా? కానీ నాకిక్కడ ఉండాలనుంది."

ఉండాలనుంది అన్న మాట ఆవిడ నోట మణిశంకర్ ఎప్పుడూ వినలేదు. చిన్నప్పుడు కూడా వినలేదు. తర్వాత ఇంటికి వెళ్లి సుత్తీ మేకులూ తెచ్చాడు. నావలోకి ఎక్కి, పక్కచెక్కలకి అక్కడక్కడ మేకులు కొట్టి, "ఇక్కడ చీరలు తగిలించుకో. ఇక్కడ లాంతరు. ఇది దేవుడి పటానికి" అని చెప్పాడు. హైమ కిరసనాయిలు స్టవ్వు, నాలుగు గిన్నెలు తెచ్చింది. సుబ్బాయమ్మగారు పసుపూ కుంకుమా తెచ్చి, గడప ఎక్కడ ఉంటుందో తెలియక కాసేపు వెతికి, ఎక్కే చోట చెక్క అంచుకి రాసింది. బుల్లియ్య మధ్యాహ్నానికల్లా తాటాకుల గూడు కట్టేశాడు.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక అమ్మణ్ణి నావ ఎక్కింది. అలవాటుగా మొదటి అడుగు పెట్టి వంగి చూసుకుంది. నీళ్లు ఊరి, పలకల సందులోంచి చప్పుడు చేస్తూ కిందికి జారిపోయాయి. రెండో అడుగు పెట్టింది. అవీ జారిపోయాయి. ఆ కొస నుంచి ఈ కొసకీ, ఈ కొస నుంచి ఆ కొసకీ నడిచింది. కాళ్లకింద ఎక్కడా తడి నిలవలేదు. ఇంత వయసొచ్చాక ఒక కప్పు కింద అలా ఊరికే, పనేమీ లేకుండా, అటూ ఇటూ తిరగడం ఆవిడకి సిగ్గనిపించింది. అయినా మానలేదు. చిన్నపిల్లలా నవ్వుకుంటూ తిరిగింది. తర్వాత అలిసిపోయి కూర్చుని ఏడ్చింది.

ఆషాఢమంతా వానలే. తాటాకు గూడు అక్కడక్కడ కారేది. కాలితడీ వానతడీ కలిసి అడుగున చేరేవి. పొద్దున్నే డబ్బాతో తోడి బోదెలోకి పోయడం అమ్మణ్ణి పని. తలుపులమ్మ చేపల బుట్టతో వెళ్తూ ఆగి, తోడే చప్పుడు విని, "లేచారండీ?" అని అడిగి వెళ్లేది. మధ్యాహ్నాలు హైమ వచ్చి అక్కడే కూర్చుని కూర తరుక్కునేది. మణిశంకర్ స్కూలు నుంచి వస్తూ ఎక్కి, పలకలు కదులుతున్నాయేమో చూసి వెళ్లేవాడు. అవతల వీధిలో ఎవరికైనా చంటిపిల్లని కాసేపు చూసుకోవాలంటే నావలో వదిలి వెళ్లేవారు. ఒకరోజు అమ్మణ్ణి బీరకాయ పాలుపోసి వండి, తలుపులమ్మకి గిన్నెలో పెట్టి ఇచ్చింది. అది తన ఇష్టంతో తను వండిన మొదటి కూర. ఉప్పు ఎక్కువైంది. తలుపులమ్మ ఆ మాట చెప్పలేదు, గిన్నె మాత్రం ఖాళీచేసి కడిగి తెచ్చింది.

శ్రావణంలో అమలాపురం నుంచి పెద్దన్నయ్య కబురు పెట్టాడు. అనుకున్నదానికంటే ముందే బండలు పరచడం అయిపోయింది, ఈసారి పాలిష్ బండలు, తడికి తట్టుకుంటాయిట, నీ వంతు కాకపోయినా వచ్చెయ్యి, వరలక్ష్మీవ్రతం కూడా కలిసొస్తుంది అని. అమ్మణ్ణి వెళ్లింది. వదినగారు గుమ్మం దగ్గర గోనెపట్టాలు పరిచి, మంచం గోడకి దూరంగా జరిపించి, అన్నీ సిద్ధంగా ఉంచింది. వ్రతం చేసుకున్నారు. అన్నయ్య పిల్లలు ఆవిడ చెప్పిన నావ కబుర్లు నోళ్లు వెళ్లబెట్టి విన్నారు. వాన మాత్రం విడవకుండా కురుస్తూనే ఉంది.

మూడోరోజు పొద్దున్న కాఫీ తాగి, అమ్మణ్ణి పెట్టె తీసి చీరలు మడతపెట్టుకోవడం మొదలుపెట్టింది. వదినగారు చూసి ఆశ్చర్యపోయింది. గోడవైపు వెళ్లి చెయ్యి ఆనించి చూసింది.

"అదేంటి అమ్మణ్ణీ, గోడలు నెమ్మైనా పట్టలేదు. అప్పుడే ఎక్కడికి?"

అమ్మణ్ణి కిటికీలోంచి వానకేసి చూసింది.

"లేదు వదినా, వెళ్లాలి. వానలు చూశావుగా, ఇల్లు తోడుకోవాలి."

వదినగారు ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసింది. మరి ఉండమనలేదు. వంటింట్లోకి వెళ్లి, కొత్తావకాయ చిన్నజాడీకెత్తి, మీద వాసెన కట్టి తెచ్చి ఆవిడ చేతికిచ్చింది.

"ఇంటికి పట్టుకెళ్లు" అంది.